సంస్థానగృహములు - సాహిత్యసాక్ష్యము

కవి నివసించిన యింటిని, కవులను పోషించిన ప్రభువుల నగరిని పదిలపఱచుట సాహిత్యసేవయే యని యెల్లరు నొప్పుకొందురు. కాని గోడలు నిలిచినంతమాత్రమునఁ జరిత్ర నిలుచునా? చూడవచ్చినవాఁడు ఆ గృహమునుండి యేమి తెలిసికొని మరలుచున్నాఁడు? ఈ ప్రశ్నను విడిచి చేయు సంరక్షణము కట్టడమునకే గాని సాహిత్యమునకుఁ జెందదు.

విజయనగరమునందలి గురజాడ అప్పారావుగారి గృహ మిందుకుఁ దగిన యుదాహరణము. 1915లో గతించిన యా కవి యిల్లు స్మారకముగ నిలుపఁబడినది. ఆయన వాడిన వస్తువులు చూచువారికి భక్తి కలుగును. అయితే విమర్శకునకు భక్తితోఁ బని తీఱదు. కన్యాశుల్కము 1892లోఁ బ్రదర్శింపఁబడి, 1897లో ముద్రితమై, 1909లో మిక్కిలి పెరిగి, మాఱి, రెండవకూర్పుగ వెలువడెను. ఆ రెండు కూర్పులను నొక బల్లపైఁ బ్రక్కప్రక్కన నుంచి, మాఱిన రంగములను గుర్తించి చూపినచో, కవిబుద్ధి పనిచేసిన తీరు పాఠశాలలోని బాలునకు సైతము గోచరించును. కవిగృహమునకుఁ దగిన ప్రదర్శన మట్టిది.

పాలమూరు సీమలో స్థితి వేఱు. అచ్చటఁ బ్రసిద్ధికెక్కినవి కవుల యిండ్లు కావు, సంస్థానాధీశుల నగరులు. గద్వాల విద్వద్గద్వాల యని పేరొందినది. తిరుపతి వేంకటకవులు గద్వాల, ఆత్మకూరు మున్నగు సంస్థానములను దర్శించిరి; వారి రాజసందర్శన పద్యములు నానారాజసందర్శనమను గ్రంథముగఁ గూర్పఁబడినవి. హైదరాబాదు రాజ్యము 1948లో భారతదేశమునఁ గలిసిన పిదప సంస్థానముల పాలన ముగిసెను. గద్వాలకోటలోఁ జెన్నకేశవాలయముతోపాటు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేర వెలసిన కళాశాల కలదు. వనపర్తి రాజభవనమున 1959లోఁ బాలిటెక్నిక్ కళాశాల నెలకొల్పఁబడెను.

రాజభవనము విద్యాలయమగుట కంటె సద్వినియోగ మేమి కావలయునని కొంద ఱందురు. ఆ మాట కొంతవఱకు నిజము. తాళము వేసిన శూన్యమందిరము కంటె పాఠము వినఁబడు గది మేలు. కాని యా గదిలోఁ గూర్చున్న విద్యార్థికి, ఆ సంస్థానము ఏ కవులను సన్మానించెనో, ఏ గ్రంథములకుఁ బోషణ మిచ్చెనో తెలుపు పలక యొక్కటియైన నుండవలదా? కట్టడము నుపయోగించుటయు, దాని చరిత్రను బోధించుటయుఁ బరస్పరవిరుద్ధములు కావు.

మఱియొక యాక్షేపము బలవత్తరమైనది. ఇట్టి గృహములను గొనియాడుట ప్రభువులను గొనియాడుటయే యగునని దాని సారము. ఇందుకు సమాధానము నిజమును దాఁచకుండుటయే. కవికి లభించిన సంభావన రైతు చెల్లించిన శిస్తునుండి వచ్చినది. దానిని విస్మరించిన ప్రదర్శనము స్తోత్రపాఠమగును. సన్మానపత్రము ప్రక్క శిస్తులెక్క కూడ నుండవలయును. ఆస్థానమునకుఁ బోని పల్లెకవుల పేళ్లును నచ్చటనే కనఁబడవలయును.

ఈ ప్రాంతమునందే యొక మార్గదర్శి కలఁడు. నైజాము రాష్ట్రమునఁ దెలుఁగుకవులు లేరన్న యధిక్షేపము పుట్టినపుడు, పాలమూరు సీమవాఁడైన సురవరము ప్రతాపరెడ్డిగారు ప్రతివాదముతోఁ దృప్తినొందలేదు. 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి 354 మంది కవులను లోకమునకుఁ జూపిరి. ఆ వివాదమును దీర్చినవి మేడలు కావు, పేళ్లును పద్యములును. పేరు, ఊరు, రచన యను మూఁడును గూర్చి సాక్ష్యమును నిలుపు నా పద్ధతియే గృహప్రదర్శనమునకును బునాది కావలయును.

కావున సంస్థానగృహములను సంరక్షింపఁబూనువారు మొదట సింహాసనములను, ఆయుధములను వెదకుట మాని, తాళపత్రములను, సన్మానపత్రములను, కృతిసమర్పణలను, అవధానములలో నొసఁగిన సమస్యలను సేకరింపవలయును. జిల్లా పాఠశాలల పండితు లిందుకుఁ దగిన సహాయులు. పాతకుటుంబముల పెట్టెలలో నున్న ప్రతు లెవరియొద్దఁ గలవో వారికిఁ దెలిసినట్లు దూరస్థులైన యధికారులకుఁ దెలియదు. కట్టడమునకు సున్నము వేయుట యెప్పుడైనను జేయవచ్చును. చెదలు తిన్న పత్రమును మరలఁ దెచ్చుట యెవ్వరి తరమును గాదు.