కోచ్ మాట్లాడకపోతే

ఏ ఊళ్ళోనైనా పొద్దున్నే క్రికెట్ నెట్స్ పక్కన నిలబడితే ముందుగా చెవిన పడేది బంతి చప్పుడు కాదు, కోచ్ గొంతు. "ఎల్బో ఎత్తు. తల కదపకు. ముందుకాలు బంతి దగ్గరికి. చూశావా, మళ్ళీ అదే తప్పు!" పదేళ్ళ పిల్లవాడు ఒక్కో బంతికి నాలుగేసి ఆజ్ఞలు మోస్తుంటాడు. ఆ గొంతు తగ్గాలని వాదించే పుస్తకాలు రెండింటిని ఈ మధ్య పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకటి తిమొతీ గాల్వే 1974లో రాసిన 'ది ఇన్నర్ గేమ్ ఆఫ్ టెన్నిస్'. రెండోది రాబ్ గ్రే 2021లో తెచ్చిన 'హౌ వి లెర్న్ టు మూవ్'. మాట తగ్గించమనే దాకా ఇద్దరిదీ ఒకే దారి. తగ్గించాక కోచ్ చెయ్యాల్సిన పనేమిటన్న దగ్గర విడిపోతారు. నాకు ఆసక్తి కలిగించింది ఆ విడిపోయే చోటే.

గాల్వే హార్వర్డ్ టెన్నిస్ జట్టుకు కెప్టెన్‌గా ఆడినవాడు, తర్వాత కాలిఫోర్నియాలో టెన్నిస్ నేర్పినవాడు. శాస్త్రవేత్త కాదు. పుస్తకం బలమంతా కోర్టులో కళ్ళారా చూసిన సంగతుల్లో ఉంది. పాల్ అనే కొత్త శిష్యుడికి ఒక్క సూచనా ఇవ్వకుండా తనే పది ఫోర్‌హ్యాండ్లు కొట్టి చూపిస్తాడు. ఏం గమనించావని అడిగితే, మీరు అన్నిటికన్నా ముందు పాదాలు కదిపారు అంటాడు పాల్. ఆ తర్వాత అతను కొట్టినప్పుడు రాకెట్ వెనక్కి తీయడం, ఊపు, ముగింపు అన్నీ చక్కగా కుదిరాయి. కదలనివి పాదాలే. మాటల్లో పెట్టుకుని గుర్తుంచుకున్న ఒక్కటీ ఒంటికి రాలేదు, మిగిలినవన్నీ వాటంతటవే వచ్చేశాయి.

జాక్ కథ దీనికన్నా బాగుంటుంది. బ్యాక్‌హ్యాండ్‌కి రాకెట్‌ని మరీ ఎత్తుగా వెనక్కి తీస్తాడతను. కోచ్‌లు చెప్పి చెప్పి అలిసిపోయారు. తన తప్పేమిటో అతనికీ కంఠతా వచ్చు. గాల్వే ఇంకోసారి చెప్పలేదు. ఒక పెద్ద కిటికీ అద్దం ముందు నిలబెట్టి ఊపమన్నాడు. ప్రతిబింబంలో తన చెయ్యి చూసుకుని జాక్ ఆశ్చర్యపోయాడు: నిజంగానే ఎత్తుతున్నానే! ఏళ్ళ తరబడి విన్నదాన్ని ఆ రోజే చూశాడు.

ఇలాంటి అనుభవాల మీదే గాల్వే తన సిద్ధాంతం కట్టాడు. మనిషిలో ఇద్దరు 'నేను'లు ఉన్నారు. ఒకటో నేను ఆజ్ఞలిచ్చేది, తప్పులెంచేది, తిట్టేది. రెండో నేను నోరెత్తకుండా ఆడేది. ఒకటో దాని నోరు కట్టేస్తే రెండోది తన పని తాను చేసుకుంటుంది. అందుకో చిట్కా కూడా ఇచ్చాడు: బంతి నేలకి తాకగానే 'బౌన్స్' అనాలి, రాకెట్‌కి తగలగానే 'హిట్' అనాలి, అంతే. మనవాళ్ళకి ఇది సాక్షీభావానికి దగ్గరగా తోస్తుంది. అందులో వింతేమీ లేదు. ఆ రోజుల్లో గాల్వే, మనదేశం నుంచి అమెరికా వెళ్ళిన గురు మహారాజ్ జీ బోధలు విన్నవాడే.

చదువుతున్నంతసేపూ ఒప్పుకుంటూ పోయాను. పుస్తకం మూశాక అనుమానాలు మొదలయ్యాయి. ఆ రెండో నేనుకి ఆట వచ్చింది ఎక్కడినుంచి? రాకెట్ అనేదే మొదటిసారి చూస్తున్న పిల్లకి నీ లోపల ఉన్నదాన్ని నమ్ముకో అంటే, లోపల ఏముందని? పైగా గాల్వే కోర్టులో ప్రత్యర్థి పలచగా ఉంటాడు. అవతలివాడు ఇష్టం లేని మూలకే కొడుతూ, ఎండ కళ్ళలో పడుతూ, స్కోరు మీద పడుతూ ఉండే ఆట అక్కడక్కడే కనిపిస్తుంది. కోచ్‌కి మిగిలిన పనల్లా కొట్టి చూపించడం, అద్దం పట్టడం, ఓపికగా ఊరుకోవడం. ముప్పైమంది పిల్లలున్న శిబిరానికి అది చాలదు.

గ్రే వేరే కోవకి చెందినవాడు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్, బేస్‌బాల్ బ్యాటింగ్‌ని ఏళ్ళ తరబడి ప్రయోగశాలలో కొలిచినవాడు. వచనం గాల్వేదంత హాయిగా సాగదు. పాడ్‌కాస్ట్ కూడా నడుపుతాడు కాబట్టి కాబోలు, చెప్పినదే మళ్ళీ చెబుతాడు. కానీ నిలబడ్డ నేల గట్టిది. అతని వాదానికి పునాది 1920లలో సోవియట్ శాస్త్రవేత్త నికొలాయ్ బెర్న్‌స్టైన్ చేసిన కొలతలు. సుత్తితో ఉలి మీద కొట్టే పనివాళ్ళ కదలికలను అతను ఫొటోల్లో పట్టాడు. చెయ్యి తిరిగిన పనివాడి సుత్తి ప్రతిసారీ అనుకున్న చోటే పడుతోంది. భుజం, మోచెయ్యి, మణికట్టు మాత్రం ఏ రెండు దెబ్బల్లోనూ ఒకే దారిన పోవడం లేదు. ఒక కీలు అటు జరిగితే ఇంకొకటి ఇటు సర్దుకుంటోంది. అంటే నైపుణ్యం ఒకే కదలికని వెయ్యిసార్లు అచ్చు గుద్దడం కాదు, ఒకే పనిని ప్రతిసారీ కాస్త కొత్తగా పూర్తిచేయడం. నెట్స్ పక్కన ఎల్బో ఎత్తమని అరిచే గొంతుకి ఇంతకన్నా గట్టి జవాబు నాకు కనిపించలేదు.

మరి కోచ్ ఏం చెయ్యాలి? హద్దులు మార్చాలి అంటాడు గ్రే. ఇది అతను కనిపెట్టినది కాదు. కార్ల్ న్యూవెల్ 1986లోనే కదలికని మలిచే హద్దులను మూడుగా విడదీశాడు: ఆడే మనిషివి, పరిసరాలవి, చేసే పనివి. ఎత్తు, బలం, అలసట మొదటి రకం. పిచ్, గాలి, వెలుతురు రెండోవి. బంతి, బ్యాటు, కోర్టు కొలత, ఆట నియమం మూడోవి. కోచ్ చెయ్యి సులువుగా అందేది ఈ మూడో రకానికి. గ్రే 2018లో ఈ మాటని పరీక్షకి పెట్టాడు. బేస్‌బాల్‌లో బంతిని ఇంకాస్త ఎత్తుగా లేపడం నేర్పాలి. కొందరికి శరీరం ఎలా కదపాలో చెప్పారు, కొందరికి బంతి ఎటు పోవాలో చెప్పారు, ఇంకొందరికి ఏమీ చెప్పకుండా ఎదురుగా ఒక అడ్డుగోడ పెట్టి దాని మీదుగా కొట్టమన్నారు. గోడ గెలిచింది.

ఈ ముక్క చదివి నవ్వుకున్నాను. మన వీధి క్రికెట్‌కి ఇది పాత విద్య. 'బంతి ఎదురింటి మేడ మీద పడితే ఔట్' అన్న నియమం ఏ కోచ్ రాశాడు? పోయిన బంతి తిరిగి అడగలేని భయం రాసింది. ఆ నియమం కింద పెరిగిన కుర్రాడు బంతిని నేలబారుగా కొట్టడం ఎవరూ చెప్పకుండానే నేర్చాడు. కుడివైపు మురిక్కాలవ ఉన్న సందులో ఎడమవైపు షాట్లు పుట్టాయి. బౌరల్‌లో చిన్నప్పటి బ్రాడ్‌మన్ క్రికెట్ స్టంపుతో గోల్ఫ్ బంతిని నీళ్ళ ట్యాంకు ఇటుక దిమ్మకేసి కొట్టుకుంటూ పెరిగింది కూడా ఇలాంటి బడిలోనే. సందు తనకి తెలియకుండా చేసిన పనిని కోచ్ తెలిసి చెయ్యాలి. గ్రే కొత్తగా అడిగేది ఇంతే.

ఇప్పుడు జాక్‌ని గ్రే దగ్గరికి పంపుదాం. గ్రే అద్దం వెతకడు. ముందు, చెయ్యి ఎత్తుగా వెళ్ళడం అసలు తప్పేనా అని అడుగుతాడు. బంతి పడాల్సిన చోట పడుతుంటే దాని జోలికే పోడు. పడకపోతే వేగంగా వచ్చే బంతులు వేసి, ఎత్తడానికి వ్యవధి లేకుండా చేస్తాడనుకుంటాను. కోచ్‌గా ఇది ముందడుగే. ఇటునుంచి అటు కూడా చూడాలి. సాధనలో గోడ దాటించిన కుర్రాడు ఫైనల్ రోజున చెయ్యి రాక బిగుసుకుపోయాడనుకోండి. అతన్ని నేను గాల్వే దగ్గరికే పంపుతాను. భయపడే మనిషి గ్రే పేజీల్లో చాలా అరుదు.

చిత్రమేమిటంటే, గాల్వే ఊహకి ప్రయోగశాల సాక్ష్యం ఇచ్చినవాళ్ళలో గ్రే ఒకడు. 2004లో అచ్చయిన పరిశోధనలో, తమ బ్యాటు ఎటు కదులుతోందో గమనించమన్నప్పుడు ఆరితేరిన బ్యాటర్ల ఆట చెడింది. కొత్తవాళ్ళ ఆట అలా చెడలేదు. ఒకటో నేను చేసే చేటు నిజమే కానీ, అది చెయ్యి తిరిగినవాళ్ళకి ఎక్కువ. గాల్వే పుస్తకం ఈ తేడాని పట్టించుకోదు. పిల్లకీ ఛాంపియన్‌కీ ఒకే మందు రాస్తుంది.

గ్రేతో నా పేచీ ఉపశీర్షికలో ఉన్న 'విప్లవం' అన్న మాట దగ్గర. పాత పద్ధతి వాళ్ళంతా ఒకే టెక్నిక్‌ని రుద్దేవాళ్ళని చూపించి కొట్టడం తేలిక. గుడ్, మగిల్ అనే ఇద్దరు 1986లో మూడు రకాల బ్యాడ్మింటన్ సర్వీసులను నేర్పి చూశారు. ఒక్కో రకాన్ని విడిగా సాధన చేసినవాళ్ళకన్నా, కలగలిపి చేసినవాళ్ళు తర్వాతి పరీక్షలో, అలవాటు లేని రెండో వైపు కోర్టునుంచి కూడా, మెరుగ్గా ఆడారు. ఆ పరిశోధన గ్రే బడిది కాదు, జ్ఞాపకశక్తినే కేంద్రంగా చూసే పాత బడిది. హైదరాబాద్ కోర్టులో బుట్టెడు షటిళ్ళు పక్కన పెట్టుకుని ఒకే మూలకి విసిరే కోచ్‌కి ఉపయోగపడేది ఆ ఫలితం. దాని వెనక సిద్ధాంతం ఎవరిదైతే అతనికేం?

రెండు పుస్తకాలూ తేల్చని సంగతి ఇంకొకటుంది: కోచ్‌కి ఎవరు, ఎలా నేర్పాలి? ఒక శిక్షణ శిబిరంలో, ఆటగాడికి ఎక్కువ చెప్పకూడదన్న పాఠాన్ని మూడు రోజులపాటు స్లైడ్లు వేసి చెప్పడం చూశాను. శ్రోతలు రాసుకున్నారు. నాలుగో రోజు మైదానంలో అందరి గొంతులూ యథాప్రకారం లేచాయి. పాల్ పాదాల్లాగే. గ్రే లెక్కన కోచ్ చదువు కూడా హద్దులతోనే సాగాలి: పది నిమిషాలు నోరు తెరవకుండా, ఒక తాడు, రెండు కోన్లు, ఒక నియమంతో పిల్లల ఆట మార్చమనాలి. మన కోచింగ్ పరీక్షల్లో ఒక్క మార్కైనా దీనికి ఉండాలంటాను.

కోచ్‌ల తరగతికి ఒకే పుస్తకం కొనగలిగితే గ్రేదే కొనండి. గాల్వేది ఆటగాళ్ళకి ఇవ్వండి. పుస్తకం చదివే తీరిక లేని కోచ్‌ని అడిగేది ఒక్కటే. రేపు నెట్స్‌కి వెళ్ళేటప్పుడు ఫోన్‌లో రికార్డింగ్ మొదలుపెట్టి చొక్కా జేబులో వేసుకోండి. సాయంత్రం ఇంట్లో కూర్చుని మొత్తం వినండి.