ఛాయ తక్కువ ఛాయాచిత్రాలు

కొందరు స్నేహితులం కలిసి ఒక కథాసంకలనం తెస్తున్నాం. చివరి పేజీల్లో పన్నెండుమంది రచయిత్రుల పరిచయాలూ, ఫోటోలూ వేయాలనుకున్నాం. డీటీపీ చేసే అబ్బాయి ప్రూఫ్ పంపుతూ, "అందరి మొహాల మీదా షాడోలు తీసేశాను మేడమ్, ఇప్పుడు నీట్‌గా ఉన్నాయి" అన్నాడు. నాకూ నీట్‌గానే అనిపించి సరేనన్నాను. మర్నాడు వాళ్ళందరిలోకీ పెద్దావిడ ఫోన్ చేశారు. "నా పేరు కింద ఎవరిదో ఫోటో పడిందమ్మా. మనిషి బాగానే ఉంది గానీ నేను కాదు" అని నవ్వారు. ఆవిడ పంపింది పెరట్లో వేపచెట్టు కింద తీసిన ఫోటో. ఒక చెంప మీద ఆకుల నీడ, కళ్ళ కింద అరవై ఏళ్ళ నలుపు. ప్రూఫులో ఆ రెండూ లేవు.

ఆవిడ నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు. స్త్రీల కథల్లో దేహం గురించి అయిదేళ్ళు పరిశోధన చేసి పట్టా తీసుకున్నదాన్ని. ఒక మనిషి మొహం మారిపోతే నా కంటికి అది "నీట్‌గా" ఎలా కనిపించింది?

ఫోటోలో నీడకి చాలా పని ఉంది. ముక్కు ఎత్తు, చెంప ఎముక, గడ్డం కింది లోతు, ఇవన్నీ బల్లపరుపు కాగితం మీద మనకి తెలిసేది నీడవల్లే. 2003లో ఫోటోషాప్‌లో 'షాడో/హైలైట్' అనే సదుపాయం వచ్చింది. ఇప్పుడు ఫోన్లోనే వేలితో ఒక గీత జరిపితే చాలు. బొమ్మలో ముదురుగా ఉన్న చోట్లని వెతికి పైకి లేపడమే అది చేసే పని. ఆ ముదురు వేపాకు నీడవల్ల వచ్చిందా, పుట్టుకతో వచ్చిన ఒంటిరంగా అన్నది ఆ గీతకి తెలియదు. తెల్లటి మొహం మీదైతే నీడ మాత్రమే పోతుంది. నల్లటి మొహం మీద నీడతోపాటు రంగూ పోతుంది.

ఈ తికమక మన భాషలో ముందే ఉంది. ఛాయ అంటే నీడ. ఛాయ అంటే ఒంటిరంగు కూడా. ఫోటోకి మనం పెట్టుకున్న పేరు ఛాయాచిత్రం. నీడ తక్కువైతే వెలుగు ఎక్కువవ్వాలి కదా? కానీ పెళ్ళిసంబంధాల్లో "పిల్ల ఛాయ తక్కువ" అంటే నల్లగా ఉందని అర్థం. ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. "నల్లగా ఉన్నా కళగా ఉంది" అనే మెచ్చుకోలులో ఆ 'ఉన్నా' చాలు, రంగు మీదా, రంగు వెనక దాక్కున్న కులం మీదా మనకెంత పట్టింపో చెప్పడానికి.

మా అమ్మకి సంబంధాలు చూస్తున్నప్పుడు, 1985లో, స్టూడియోలో తీయించిన నలుపు తెలుపు ఫోటో ఒకటి మా ఇంట్లో ఉంది. అందులో కళ్ళ కింద గానీ ముక్కు పక్కన గానీ నీడ జాడే లేదు. అప్పుడు ఆ స్టూడియోలో కంప్యూటర్ లేదు, పెన్సిల్ ఉంది. నెగెటివ్ మీద సన్నగా పెన్సిల్‌తో దిద్దితే అక్కడినుంచి వెలుతురు తక్కువగా దిగి, ప్రింటులో ఆ చోటు తెల్లబడుతుంది. నెగెటివ్ మీద ఎర్రరంగు పూసి కూడా ఇదే పని చేసేవాళ్ళు. నలుపు పూసి తెలుపు తెప్పించే విద్య! పెళ్ళిచూపులకొచ్చిన నాన్నమ్మ ఫోటోనీ అమ్మనీ మార్చి మార్చి చూసి, "ఫోటోలో ఇంకాస్త ఛాయ ఉందే" అందట. పెళ్ళయితే జరిగింది. అమ్మ ఆ సంగతి నవ్వుతూనే చెబుతుంది. కానీ మా ఆల్బముల్లో అమ్మెప్పుడూ వెనక వరసలోనే.

మొహాల్ని ఇలా నున్నగా దిద్దడం తన పద్ధతి కాదనుకున్న ఒక స్త్రీ ఫోటోగ్రాఫర్ నాకు ఈ సందర్భంలో గుర్తొస్తుంది. జూలియా మార్గరెట్ కామెరాన్ 1815లో కలకత్తాలో పుట్టింది. 1863లో, నలభై ఎనిమిదేళ్ళ వయసులో, కూతురూ అల్లుడూ కెమెరా కానుకిస్తే మొదలుపెట్టింది. మసకనీ, మరకల్నీ అలాగే ఉంచేసినందుకు ఆనాటి ఫోటోగ్రాఫర్లు ఆమెకి పని రాదన్నారు. 1867లో తన చెల్లెలి కూతురు జూలియా జాక్సన్‌ని ఆమె తీసిన ఒక ఫోటోలో సగం మొహం చీకట్లో ఉంటుంది. ఆ చీకటివల్లే ఆమె మనకి అందమైన బొమ్మలా కాక, ఏదో ఆలోచిస్తున్న మనిషిలా కనిపిస్తుంది.

ఆ జాక్సన్ కూతురే వర్జీనియా వుల్ఫ్. 1926లో హోగార్త్ ప్రెస్ కామెరాన్ ఫోటోలని వుల్ఫ్, రోజర్ ఫ్రైల ముందుమాటలతో పుస్తకంగా తెచ్చింది. పేరు 'విక్టోరియన్ ఫోటోగ్రాఫ్స్ ఆఫ్ ఫేమస్ మెన్ అండ్ ఫెయిర్ విమెన్'. మగవాళ్ళు ప్రసిద్ధులు, ఆడవాళ్ళు 'ఫెయిర్'. ఆ ఒక్క మాటలో అందమూ ఉంది, తెలుపూ ఉంది. శాస్త్రవేత్త హెర్షెల్ మొహంలో కామెరాన్ చూపించిన ముడతలని మేధకి గుర్తుగా చదువుతాం. మగవాడి మొహం మీద నీడ అనుభవం, ఆడదాని మొహం మీద నీడ లోపం. కామెరాన్ ఇద్దరికీ సమంగా ఇచ్చిన నీడని పుస్తకం పేరు స్త్రీల దగ్గర వెనక్కి తీసుకుంది. మన దగ్గర 1975 నుంచి అమ్ముడైన 'ఫెయిర్ అండ్ లవ్లీ' క్రీము 2020లో 'ఫెయిర్' తీసేసి 'గ్లో' అని పెట్టుకుంది. పేరు మారినంత తేలిగ్గా చూపు మారదు.

కామెరాన్‌నీ ప్రశ్నించకుండా వదలలేం. 1875లో సిలోన్‌కి వెళ్ళాక ఆమె తీసిన అక్కడి స్త్రీలలో చాలామంది పేర్లు లేకుండానే మిగిలిపోయారు. వాళ్ళకి నీడ దక్కింది, పేరు దక్కలేదు.

అలాగని నీడని అసలు ముట్టుకోకూడదని నేననడం లేదు. ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ ఇచ్చిన 'షర్లీ కార్డు' మీద దశాబ్దాలపాటు తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది. ఆ కొలతకి అందని నల్లటి మొహాలు వివరాల్లేకుండా చీకట్లో కలిసిపోయేవి. ముదురు రంగుల్ని సరిగా పట్టే ఫిల్ము రావడం వెనక చాక్లెట్ తయారీదారుల, ఫర్నిచర్ తయారీదారుల ఫిర్యాదులున్నాయని కెనడా పరిశోధకురాలు లోర్నా రోత్ 2009లో రాసింది. మనుషుల మొహాలు అడిగించలేని న్యాయం చాక్లెట్టూ చెక్కా అడిగించాయన్నమాట! అక్కడ నీడని లేపడం దిద్దుబాటు కాదు, బాకీ తీర్చడం.

ఈ తేడా నాకు పుస్తకాల్లో కంటే మా పిన్ని పెళ్ళి ఫోటోలో బాగా అర్థమైంది. ఫ్లాష్ వెలుగంతా ముందు వరస మీదే పడింది. వెనకున్న అమ్మ మొహం నల్లటి మరక. అమ్మ ఆరోజు ముభావంగా ఉందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. స్కాన్ చేసి, నీడని కొంచెం కొంచెంగా లేపాను. ముందు ముక్కుపుడక వచ్చింది, తర్వాత కళ్ళు, తర్వాత పళ్ళు. అమ్మ విరగబడి నవ్వుతోంది! ఆ సంతోషంలో వేలు ఇంకొంచెం జరిపాను. మొహం తెల్లబడి, చదునై, 1985 నాటి స్టూడియో ఫోటోలా అవడం మొదలైంది. గబుక్కున వెనక్కి తెచ్చాను. వెలుగు ఎక్కడ ఆగిందో, తెలుపు ఎక్కడ మొదలైందో ఆ కాస్త జాగాలో కళ్ళారా చూశాను.

సంకలనం ప్రూఫు వెనక్కి పంపి పన్నెండుమందినీ అడిగాం. మొదటే చేయాల్సిన పని అది. ఒక చిన్నమ్మాయి "నాది తెల్లగానే ఉంచండక్కా" అంది. వాదించలేదు. ఆ మొహంతో బతికేది ఆమె, తెల్లగా ఉండమన్న లోకంలోనే. పెద్దావిడ ఫోటోలో మాత్రం కళ్ళు కనిపించేంత వరకే లేపి, చెంప మీద వేపాకుల నీడని అలాగే వదిలేశాం.

పిన్ని పెళ్ళి ఫోటో ప్రింటు తీసి అమ్మకి చూపించాను. చాలాసేపు చూసింది. రంగు గురించి ఏమంటుందోనని భయపడ్డాను. "ఇంతమంది వెనక ఉంటే నన్నెలా పట్టుకున్నావే!" అంది.