కరణం నుంచి కర్త వరకు: పురపాలక ఉద్యోగుల శిక్షణ పరిభాష – పల్నాడు నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం: పురపాలక ఉద్యోగి తన పని విధానాన్ని తానే మెరుగుపరచుకునేలా శిక్షణ పొందడమనే భావనను ఈ వ్యాసం పరిభాష ఆధారంగా విమర్శిస్తుంది. కరణీకం, వార్డు సచివాలయం, మిషన్ కర్మయోగి, డెన్వర్ నగర ప్రయోగాలలో ఉద్యోగికి దక్కిన స్థానాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కరణం, కార్యదర్శి, పాత్ర, కర్త, పల్నాడు.

1. ఉపోద్ఘాతం

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. మాచర్ల, గురజాల ప్రజలకు జిల్లా కార్యాలయం గుంటూరు కంటే దగ్గరైంది. దూరం తగ్గినంత మాత్రాన అర్జీ తొందరగా కదలదు. అది ఏ బల్ల దగ్గర, ఎందుకు ఆగుతుందో బాగా తెలిసినది అక్కడ కూర్చున్న ఉద్యోగికే. ఆ ఎరుకకు శిక్షణలో ఎంత చోటుందన్నదే ఇక్కడి ప్రశ్న.

2. కరణం

వ్యాకరణంలో కరణమంటే క్రియాసాధనం. పాలనలో గ్రామ లెక్కలు రాసే ఉద్యోగి. మెకంజీ సేకరించిన కైఫియత్తులకు కరణాల దండకవిలెలు ముఖ్యమైన ఆధారాలు. పేరుకు సాధనమైనా, ఆచరణలో కరణం తన పద్ధతికి తానే కర్త. లెక్క రాసే తీరు అతని ఇంట వారసత్వంగా సాగింది. రైతుకు అది అందని విద్య. 1984లో ఈ వ్యవస్థ రద్దయింది. నలుగురి కంటా పడని నేర్పు సేవగా కాక పెత్తనంగా మారుతుందన్నది అది మిగిల్చిన పాఠం.

3. కార్యదర్శి, పాత్ర

2019 అక్టోబర్ 2న ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయ వ్యవస్థ ప్రారంభమైంది. పట్టణాలలో సుమారు 4,000 జనాభాకు ఒక వార్డు సచివాలయం, పరిపాలన, పారిశుద్ధ్యం, ప్రణాళిక, సంక్షేమం వంటి విభాగాలకు వేర్వేరు కార్యదర్శులు ఏర్పడ్డారు. కార్యదర్శి అంటే కార్యాన్ని చూసేవాడని అర్థం. ఆస్తి పన్ను రికార్డులో పేరు మార్పు కోసం ఒకే పత్రాన్ని రెండుచోట్ల అడుగుతున్నారనుకుందాం. ఆ లోపం ముందుగా కార్యదర్శికే కనబడుతుంది. విధుల పట్టిక ఏం చేయాలో చెబుతుంది, కంప్యూటర్ తెర ఏ వరుసలో చేయాలో చెబుతుంది. చూసినదాన్ని సరిదిద్దే క్రియ ఆ రెండింటికీ వెలుపలే ఉండిపోతుంది.

2020లో కేంద్ర మంత్రిమండలి ఆమోదించిన మిషన్ కర్మయోగి ఉద్యోగుల శిక్షణను నియమాధారితం నుంచి పాత్రాధారితం చేయాలంది. ఇది మేలైన మార్పే. అయితే నాటక పరిభాషలో పాత్ర పలికేవి కవి రాసిన మాటలు. పాత్రను ఎంత బాగా పోషించినా మాట మార్చే హక్కు నటునికి రాదు.

4. కర్త

ఆ హక్కును శిక్షణలో భాగం చేసిన ఉదాహరణ అమెరికాలోని డెన్వర్ నగరంలో ఉంది. 2011లో మేయరైన మైకేల్ హాన్‌కాక్ హయాంలో అక్కడ పీక్ అకాడమీ ఏర్పడింది. టయోటా కర్మాగారాలలో రూపుదిద్దుకున్న పద్ధతుల ఆధారంగా, నగర ఉద్యోగులు తమ పనిలోని దశలను గుర్తించి, వృథాను తొలగించడం నేర్చుకున్నారు. ఏం మార్చాలో నిర్ణయించడానికి బయటి నిపుణుల కోసం ఎదురుచూడనవసరం లేదు.

దీనిపై ఒక ఆక్షేపణ న్యాయమైనదే. పురపాలన చట్టబద్ధమైనది, ఎవరి ఇష్టం వచ్చినట్లు వారు పద్ధతి మారిస్తే కరణీకమే తిరిగి వస్తుంది. అందుకే చట్టం పెట్టిన మెట్టునూ అలవాటు పెట్టిన మెట్టునూ వేరుచేయడం శిక్షణలో మొదటి పాఠం కావాలి. విచారణ, సంతకం, అప్పీలు పౌరునికి రక్షణ. ఒకే నకలును రెండుసార్లు అడగడం కేవలం అలవాటు. మొదటిదాన్ని ఉద్యోగి మార్చరాదు. రెండవదాన్ని మార్చి, ఆ మార్పును అందరికీ కనిపించేలా నమోదు చేయాలి.

5. ముగింపు

కరణానికి కర్తృత్వం ఉంది, జవాబుదారీతనం లేదు. నేటి కార్యదర్శికి జవాబుదారీతనం ఉంది, కర్తృత్వం లేదు. ఈ రెండూ ఒకే చేతికి అందినప్పుడే శిక్షణ అన్న మాట సార్థకం. లేనిపక్షంలో నరసరావుపేటలో అర్జీదారుడు తెచ్చిన నకలును రెండోసారి అడిగే ఉద్యోగి, అది అనవసరమని తెలిసి కూడా అడుగుతూనే ఉంటాడు.