అక్షరాలా, మాత్రమే

బాపు పెట్టెలో పాత ప్రామిసరీ నోటు ఒకటి దొరికింది. అప్పు తీరిపోయింది కాబట్టి కాగితం ఇంటికి తిరిగొచ్చింది. జహీరాబాద్ వైపు చెరుకు డబ్బులు చేతికొచ్చేదాకా చాలా ఇళ్లు ఇలాంటి కాగితాల మీదే నడుస్తాయి. అప్పుల కథలు చాలా చదివాను. అప్పు పత్రాన్నే ఒక రచనగా చదవడం ఇదే మొదటిసారి.

'రూ. 20,000/- (అక్షరాలా ఇరువది వేల రూపాయలు మాత్రమే).' ఒకే సంగతి రెండుసార్లు. కథలో అయితే ఎడిటర్ కొట్టేస్తాడు, ఇక్కడ మాత్రం పునరుక్తే ప్రాణం. 20,000 ముందు ఒక్క గీత గీస్తే లక్షా ఇరవై వేలు. మాటల్ని అలా మార్చడం కష్టం. ముందు 'లక్షా' దూర్చకుండా 'అక్షరాలా' కాపలా, చివర ఏదీ అతికించకుండా 'మాత్రమే' గొళ్లెం. కథల్లో ఊతపదంలా వాడేసే 'మాత్రమే'కి ఇంత పని ఉందని అనుకోలేదు.

చైనావాళ్లది ఇంకా పెద్ద తిప్పలు. వాళ్ల రాతలో ఒకటికి ఒక అడ్డగీత, రెండుకి రెండు, మూడుకి మూడు. 'పది' నెత్తిన ఒక గీత పెడితే 'వెయ్యి'. అందుకే టాంగ్ రాజుల కాలం నాటికే లెక్కపత్రాల్లో వేరే అంకెలు వాడారు. పలకడం అదే, గీతలు మాత్రం ఎక్కువ. ఇప్పటికీ అక్కడ చెక్కుల మీద అవే రాస్తారు.

మన దక్కన్‌కి తెలిసిన పద్ధతి ఇంకొకటుంది. జహీరాబాద్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, బీదర్ జిల్లాలో ఉండేది. పార్సీలో లెక్కలు రాసిన కొలువుల్లో 'సియాఖ్' అంకెలుండేవి: అరబ్బీ సంఖ్యల పేర్లనే కుదించి గీసిన గుర్తులు. అంకే మాట, మాటే అంకె. 2018లో యూనికోడ్‌లో కూడా చేరాయి. కానీ నేర్చిన గుమాస్తాకి తప్ప అప్పు తీసుకున్నవాడికి అవి అంతుపట్టేవి కావు.

మన నోటుకి కాపలా లిపిలో లేదు, చట్టంలో ఉంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, సెక్షన్ 18: అంకెకీ అక్షరానికీ తేడా వస్తే అక్షరాల్లో ఉన్నదే చెల్లుతుంది. ప్రోగ్రామర్‌గా నాకిది తెగ నచ్చింది. చెక్‌సమ్ తప్పు జరిగిందని చెబుతుందే గానీ, ఏది ఒప్పో చెప్పదు. ఇది చెబుతుంది.

అదే చట్టంలో సెక్షన్ 20 కూడా ఉంది. స్టాంపు మీద సంతకం పెట్టి ఖాళీ కాగితం ఇచ్చేస్తే, పుచ్చుకున్నవాడు దాన్ని నింపుకోవచ్చు.

నోటు మళ్లీ చూశాను. సంతకం సిరా వేరు, 'ఇరువది వేల' సిరా వేరు. ఆ దస్తూరీ బాపుది కాదు.

"బాపూ, నువ్వు తీసుకున్నదెంత?"

"పదిహేను వేలు. సంతకం పెట్టిచ్చిన, రాసుకొమ్మన్న. అవసరం మనది గద."

దిద్దుబాటు లేదు, కొట్టివేత లేదు. అంకె, అక్షరం చక్కగా కలిశాయి. కాదని నిరూపించే భారం బాపుదే. ఎవరూ దిద్దలేని రాత అబద్ధాన్ని కూడా అంతే భద్రంగా కాపాడుతుంది. అక్షరాల్లో ఉన్నదే చెల్లుతుంది, నిజమే. ఎవరి అక్షరాలు అన్నది సెక్షన్ 18 అడగదు.

నోటు వెనక చెల్లు వేసిన వరసలున్నాయి. అవి మాత్రం బాపు వంకర అక్షరాలే. కట్టిన ప్రతి మొత్తం పక్కనా, ఎవరూ అడక్కపోయినా, 'అక్షరాలా' అని మొదలుపెట్టి 'మాత్రమే' అని ముగించాడు.