మహిమయు మనస్సును

కోదాడ ప్రాంతమందలి గుడిబండలో 1923లో జన్మించి, 2009లో దివంగతులైన తాడేపల్లి లక్ష్మీకాంతారావుగారు జానపద చలనచిత్ర నాయకులుగా తెలుగునాట ప్రసిద్ధి గాంచిరి. కావున సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములవారి కీ జాతి చిత్రములు పరాయివి కావు. అయినను వీనిని బాలవినోదములని త్రోసిపుచ్చు పండితులు కొందఱు కలరు. మాయ యున్నచోట విచార ముండదని వారి వాదము. ఇది నిలుచునా యని యొక యాంగ్లచిత్రముతోడను, ఒక తెలుగు చిత్రముతోడను పరీక్షింతము.

అద్భుతములు చేయగల మనుష్యునిగూర్చి ఎచ్. జి. వెల్సు 1898లో ప్రకటించిన చిన్నకథ 1936లో చలనచిత్ర మయ్యెను. ఫాదరింగే యను సామాన్యుడు అద్భుతము లసంభవములని పానశాలలో వాదించుచు, దీపమును తలక్రిందులు కమ్మనును. అది యట్లే నిలిచి వెలుగును. అధికారము కొండంత, ఆలోచన గోరంత. హాస్యమునకు మూల మిదియే. తుదకు భూభ్రమణమును నిలువుమనగా సర్వమును ఎగిరిపోవును. అంత నతడు తన శక్తినే వదలుకొనును. కథలో లేని ప్రేమప్రసంగ మొకటి చిత్రమున చేరినది. ఆడా యను యువతి తన్ను ప్రేమింపవలెనని యతడు శాసించును. ఆమె మనస్సు మాత్రము మాఱదు. ఈ చేర్పు కథకు భారము కాలేదు సరికదా, దాని యర్థమును ప్రకాశింపజేసినది.

1951లో వెలువడిన విజయావారి 'పాతాళభైరవి'కి మూలము మధిర సుబ్బన్నదీక్షితులవారి కాశీమజిలీ కథలలోనిది. దర్శకులు కె. వి. రెడ్డిగారు, రచయిత పింగళి నాగేంద్రరావుగారు. సాహసముచే తోటరాముడు సంపాదించిన ప్రతిమ పిదప నేపాళమాంత్రికుని చేజిక్కి, వానికిని అట్లే దాస్యము చేయును. ప్రతిమకు పాత్రాపాత్ర వివేకము లేదు. అయినను ఇందుమతి నపహరించిన మాంత్రికుడు ఆమె యనురాగమును యాచింపవలసినవాడే యగును. భవనమును పెకలించి తేగల మహిమ యొక బాలిక హృదయమును కదలింపజాలదు. ఎస్. వి. రంగారావుగారి నటనలో భయమును హాస్యమును జంటగా పుట్టుట కిదియే కారణము. రాముడో, ప్రతిమ చేతలేనివాడై, మిత్రుడైన అంజితో గూడి తన బుద్ధిబలముచేతనే గెలువవలసివచ్చెను.

రెండు దేశముల చిత్రములును ఒక్కచోటనే ఆగుట యాదృచ్ఛికము కాదు. మహిమకు మనస్సే యెల్ల. ఆ యెల్లను చూపు మాయాకథ విచారహీనము కానేరదు. చూపనిది గారడి మాత్రమే. ఇట్టి కథలను బాలురకు బోధించు పండితులు “ఇది సంభవమా?” యని యడుగుట మాని, “మాయ యెచ్చట నాగినది?” యని యడుగుట మేలు.