జయమ్మాళ్ నేర్పిన పదం

కర్ణాటక సంగీత చరిత్రలో వీణ ధనమ్మాళ్ (1867–1938) పేరు, భరతనాట్య చరిత్రలో టి. బాలసరస్వతి (1918–1984) పేరు స్థిరపడి ఉండగా, మొదటామెకు కూతురు, రెండవామెకు తల్లి అయిన టి. జయమ్మాళ్ (1890–1967) ప్రస్తావన చాలాసార్లు ఒక చుట్టరికాన్ని చెప్పడానికే పరిమితమవుతుంది. కూతురి నాట్యానికి దశాబ్దాల పాటు గాత్రమై నిలిచి, ఇంటినే పాఠశాలగా నడిపిన ఆమెకు ఈ పాటి స్థానం చాలదు.

మద్రాసు జార్జిటౌనులోని ఆ కుటుంబం తమిళులది; వారు కాపాడిన సంపదలో మాత్రం పెద్ద భాగం తెలుగు. 17వ శతాబ్దానికి చెందిన క్షేత్రయ్య పదాలు, ఆ తరువాతి కాలపు ధర్మపురి సుబ్బరాయర్ జావళులు వారి ఇంటి పాఠాలు. నాయిక, నాయకుడు, సఖి పలికే మాటలుగా శృంగారాన్ని నిదానంగా విప్పే రచన పదం కాగా, అదే వస్తువును చురుకైన నడకలో, కొంత చిలిపిదనంతో చెప్పేది జావళి.

పదగానంలో కష్టమంతా దాని నిదానంలోనే ఉంది. విలంబకాలంలో, అంటే బాగా సాగదీసిన నడకలో, ఒక అక్షరానికీ మరో అక్షరానికీ నడుమ ఏర్పడే ఖాళీని వేగవంతమైన స్వరాలతో నింపడానికి వీల్లేదు. స్వరాన్ని దాని స్థానం చుట్టూ ఊపి, జార్చి, పక్క స్వరపు ఛాయను తాకించే గమకమే అక్కడ ఆధారం. సహానా, ఆహిరి వంటి రాగాల్లో ఆ ఛాయ కొద్దిగా తప్పినా రాగం చెదురుతుంది, మాట విరిగితే భావం పోతుంది. స్వరలిపి స్వరం ఎక్కడుందో చూపగలదు గాని ఒక స్వరం నుంచి మరో స్వరానికి గొంతు వెళ్లే దారిని పూర్తిగా చూపలేదు. అందుకే గురువు పాడిన పలుకును శిష్యుడు విని, అది గొంతులో కుదురుకునేదాకా మళ్లీ మళ్లీ పాడే ముఖాముఖి బోధనే ఈ సంప్రదాయానికి ప్రాణం.

నాట్యం తోడైనప్పుడు గాయని బాధ్యత రెట్టింపవుతుంది. అభినయంలో ఒకే పంక్తిని పలుమార్లు పాడుతుండగా నర్తకి ప్రతిసారీ ఒక కొత్త అర్థాన్ని, ఒక ఉపకథను చూపుతుంది, వీటినే సంచారులంటారు. ఒకే మాట ఒకసారి నిష్ఠూరంగా, మరోసారి బతిమాలుకోలుగా వినిపించాలంటే గాయని సంగతిని, అంటే ఆ పంక్తిని పాడే తీరును, నర్తకి ముఖాన్ని గమనిస్తూ అప్పటికప్పుడు మలచుకోవాలి. కూతురికి తొలి సంగీత పాఠాలు చెప్పిన తల్లే ఆ పాటా పాడడం వల్ల కలిగే సౌలభ్యం వేరొకరితో రాదు. బాలసరస్వతి తానే పాడుతూ అభినయించగలగడానికీ మూలం ఆ శిక్షణే.

వంశపారంపర్యంగా నాట్యం చేసే స్త్రీలపై సమాజంలో నిరసన ముదిరిన రోజుల్లో జయమ్మాళ్ తన కూతురిని నాట్యగురువు కందప్ప పిళ్లై శిక్షణలో పెట్టింది. 1925లో కాంచీపురంలో ఏడేళ్ల బాల అరంగేట్రం చేసింది. ఆ తల్లి తెగువను కళాభిరుచి అని మాత్రమే అంటే తక్కువ చేసినట్టే. కొడుకుల్లో రంగనాథన్ మృదంగం, విశ్వనాథన్ వేణువు పట్టి, ఇద్దరూ అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో బోధించారు. 1973లో మద్రాసు సంగీత అకాడమీ బాలసరస్వతికి సంగీత కళానిధి బిరుదు ఇచ్చేనాటికి తల్లి కన్నుమూసి ఆరేళ్లయింది. నర్తకికి సంగీతపు బిరుదు దక్కడంలో ఆ తల్లి పాఠానికీ వాటా ఉందనడం అతిశయోక్తి కాదు.

తెలుగునాట కూడా వంశపారంపర్యంగా ఆడిపాడిన కళావంతుల ఇళ్లలో పదం బతికింది, కాని నేటి కచేరీలో అది చివర పాడే చిన్న అంశంగా కుదించుకుపోయింది. మన సంగీత కళాశాలల్లో విద్యార్థికి కనీసం రెండు క్షేత్రయ్య పదాలనైనా, జయమ్మాళ్ చెల్లెలి కూతుళ్లు బృందా, ముక్తాల రికార్డులు వినిపిస్తూ, స్వరలిపి పుస్తకం మూసి, విలంబకాలంలోనే నేర్పించాలి.