ఒంటి పొర, ఇరుగుపొరుగు

మెకానిక్ షెడ్లలో వాడే ఒక రకం నల్ల గ్రీజులో మోలిబ్డినమ్ డైసల్ఫైడ్ ఉంటుంది. దాని పొరలు ఒకదాని మీద ఒకటి ఇట్టే జారిపోతాయి. మా ల్యాబులో దాన్ని టేపుతో ఒలవగలగడానికీ ఆ గుణమే కారణం. 2004లో భౌతిక శాస్త్రవేత్తలు గైమ్, నొవొసెలోవ్ కార్బన్ ఒంటి పొర అయిన గ్రాఫీన్‌ను తీసిందీ టేపుతోనే. టేపు మడిచి, విప్పి, మళ్లీ మడిచి, చిప్ మీద అద్ది మెల్లగా లాగాలి. ఎంత మెల్లగా అన్నది చేతికే తెలియాలి.

ఆ తర్వాత మైక్రోస్కోపు. ఊదారంగు చిప్ మీద మందపాటి ముక్కలు తళతళలాడుతూ కళ్లు లాగేస్తాయి. వాటి జోలికి పోకూడదు. మనకు కావాల్సింది ఉందా లేదా అనిపించే లేత మరక, అదే ఒంటి పొర. మందం 0.65 నానోమీటర్లు. లేజర్ పడగానే అది ఎర్రగా వెలుగుతుంది. మందపాటి ముక్క దాదాపు వెలగనే వెలగదు. ఈ సంగతి 2010లో బయటపడింది.

ఆ వెలుగు ఎక్సైటాన్‌ది: కాంతి తగిలి లేచిన ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ కలిసి కట్టే జంట. గాలియం ఆర్సెనైడ్‌లో ఈ బంధం 4 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులే. గది వేడిమే 25 దాకా ఉంటుంది కాబట్టి జంట విడిపోతుంది. ఒంటి పొరలో బంధం వందల్లో ఉంటుంది. ఇద్దరి మధ్య ఆకర్షణ చాలావరకు పొర దాటి బయటి నుంచి సాగుతుంది. బయట గాలే ఉంటే దాన్ని తగ్గించేవాళ్లు లేరు. ఈ తగ్గింపునే డైఎలెక్ట్రిక్ స్క్రీనింగ్ అంటారు.

మరి పైన గ్రాఫీన్ కప్పితే? బంధం సడలుతుంది, బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ లేవడానికి కావాల్సిన శక్తి) కూడా తగ్గుతుంది. వెలుగు శక్తి ఈ రెండింటి తేడా; రెండూ దాదాపు సమానంగా తగ్గడంతో వెలుగు రంగు మారీ మారనట్టే ఉంటుంది! ఈ రంగంలో నాకు బాగా నచ్చిన కొంటెతనం ఇది. వర్ణపటంలో వెలుగు శిఖరం కదల్లేదు కదా అని ఊరుకుంటే అసలు కథ జారిపోతుంది. ఎక్సైటాన్ మొదటి స్థాయికీ రెండో స్థాయికీ మధ్య దూరం కొలవాలి; అది తగ్గితే బంధం సడలిందన్నమాట. అర్చనా రాజా బృందం 2017లో టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ మీద గ్రాఫీన్ పరిచి చూపించింది ఇదే.

కప్పడానికి మేం ఎక్కువగా వాడేది బోరాన్ నైట్రైడ్. జపాన్‌లోని త్సుకుబాలో తానిగుచి, వతనబే పెంచిన స్ఫటికాల కోసం ప్రపంచమంతా క్యూ కడుతుంది. దాన్ని దించేటప్పుడు మూల నుంచి తాకించి, అంచు పాకుతూ ముందుకు పోవడం చూస్తూ ఉండాలి. తొందరపడితే లోపల బుడగలు చిక్కుకుంటాయి. బుడగ ఉన్నచోట స్క్రీనింగ్ ఒకలా, లేనిచోట ఇంకోలా ఉంటుంది. అందుకే లేజర్ పెట్టేముందు బుడగలెక్కడున్నాయో కాగితం మీద గీసుకుంటాను.